కెమెరాలో కనబడే బొమ్మ కంప్యూటరులోకి ఎందుకు రాదు?



ఒక సహోదరి యొద్దనుండి ఉత్తరము వచ్చినది. 2004లో ఆమె తమ్ముని వివాహము జరిగింది. ఆ దినమున వారి నాన్నగారు లేచి నిలబడి, క్రొత్త దంపతులకు నాలుగు మాటలు చెప్పి ప్రార్థన చేశారట. ఆయన ఇప్పుడు లేరు. ఆయన స్వరము ఆ ఒక్క చిన్న వీడియో క్యాసెట్టులో తప్ప మరెక్కడా లేదు. బంధువుల ఇంటిలో ఆ క్యాసెట్టు పట్టే పాత కెమెరా దొరికినది. ఆమె కుమారుడు వైరు కొని తెచ్చి కంప్యూటరుకు తగిలించాడు. కెమెరాకున్న చిన్న తెర మీద తాతగారు చక్కగా మాట్లాడుతున్నారు, కంప్యూటరులో మాత్రము ఏమీ రాలేదు. పట్టణములో ఒక షాపుకు తీసుకువెళ్తే, "క్యాసెట్టు పోయిందమ్మా" అన్నారట. "అయ్యగారూ, ఇక దీనిని పారవేయమంటారా?" అని ఆమె అడుగుతున్నారు.

పారవేయవద్దు తల్లీ. క్యాసెట్టు పోలేదు. పోయి ఉంటే కెమెరా తెర మీద మీ నాన్నగారు కనబడేవారు కారు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 1990లలోను, ఆ తరువాత పది పన్నెండేండ్లును మన గ్రామములలో పెండ్లి అంటే వీడియో ఉండవలసినదే. కాలువ గట్టున బాప్తిస్మములు, సంఘ వార్షికోత్సవములు, పెద్దల భూస్థాపన కూటములు కూడ తీయించుకున్నారు. ఆ క్యాసెట్టులన్నీ ఇప్పుడు బీరువాలలో పట్టుచీరల క్రింద ఉన్నవి. వాటిని ఆడించే యంత్రములేమో మూలబడినవి. ప్రపంచములో వి.సి.ఆర్. తయారు చేసే ఆఖరి సంస్థయైన జపాను దేశపు ఫునై కూడ 2016 జూలైలో ఆ పని మానివేసింది. యంత్రము దొరికినప్పుడే పని ముగించుకొనవలెను. కనుక ఈ నెల ఈ పుటను ఈ విషయమునకే కేటాయించాను. మీ ఇంటిలో కంప్యూటరు తెలిసిన పిల్లలుంటే వారిచేత చదివించండి.

అన్నిటికంటె ముందు ఒక పరీక్ష చేయండి. కెమెరాకున్న తెర మీదనే, లేక కెమెరాను టీవీకి తగిలించి, రెండు నిమిషములు ఆడించి చూడండి. అక్కడ బొమ్మ, శబ్దము బాగుంటే టేపు బాగున్నది, కెమెరా హెడ్డు బాగున్నది. తప్పు ఆ తరువాతి దారిలో, అంటే వైరులో గాని, సాకెట్టులో గాని, కంప్యూటరులో గాని ఉన్నది. కెమెరా తెర మీదనే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోవుచుంటే కంప్యూటరును ఎంత మార్చినా ప్రయోజనము లేదు. అప్పుడు చూడవలసినది హెడ్డును, టేపును. ఈ రెండింటిని విడదీయకుండ ఏది పడితే అది మార్చుచుండుట వలననే చాలమంది డబ్బును, కొన్నిసార్లు టేపును కూడ పోగొట్టుకొనుచున్నారు.

ఈ పరీక్షకు ముందు క్యాసెట్టుకున్న రక్షణ బిళ్లను చూచుకోండి. చిన్న క్యాసెట్టులలో వెనుక ఒక చిన్న జారుడు బిళ్ల ఉంటుంది. దానిని 'సేవ్' వైపునకు జరపాలి. పెద్ద వి.హెచ్.ఎస్. క్యాసెట్టుకైతే అంచున ఉన్న ప్లాస్టిక్కు ముక్కను విరిచివేయాలి. అప్పుడు పొరపాటున ఎర్ర బటను నొక్కినా పాతది చెరిగిపోదు. పరీక్ష పేరుతో చుట్టములందరిని పిలిచి మాటిమాటికి ఆడించవద్దు. పాత టేపు ఆడిన ప్రతిసారి కొంత అరుగుతుంది. ఆడించే ఆ ఒక్కసారి కంప్యూటరులోకి వెళ్లేటట్టు చూడాలి, ఆ తరువాత ఎన్నిసార్లయినా కంప్యూటరులోనే చూచుకోవచ్చును.

ఇప్పుడు మీ దగ్గరున్న క్యాసెట్టు ఏ జాతిదో తెలుసుకోండి. పుస్తకమంత ఉన్నది వి.హెచ్.ఎస్. ఇది 1976లో జపానులో వచ్చింది. మన పాత పెండ్లి క్యాసెట్టులలో ఎక్కువ భాగము ఇవే. పాటల క్యాసెట్టంత పరిమాణములో కాస్త మందముగా ఉండేది వీడియో 8 లేక హై 8. అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదిగా ఉండేది మినీ డి.వి. ఇది 1995లో వచ్చింది. ఉత్తరము వ్రాసిన సహోదరి దగ్గరున్నది ఇదే. వి.హెచ్.ఎస్. లోనే చిన్న రకము ఒకటున్నది, దానిని వి.హెచ్.ఎస్.-సి అంటారు. దానిని ఒక పెద్ద డొల్ల క్యాసెట్టులో అమర్చి మామూలు వి.సి.ఆర్.లో ఆడించవచ్చును. అటువంటి డొల్ల వీడియో 8 క్యాసెట్టుకు లేదు. ఉన్నదని ఎవరైన అమ్మచూపితే కొనవద్దు.

మినీ డి.వి. సంగతి చూద్దాము. ఈ టేపు మీద బొమ్మ అంకెల రూపములో వ్రాయబడి యుంటుంది. కనుక సరియైన దారిన పంపితే టేపు మీద ఉన్నది ఉన్నట్టే కంప్యూటరులోకి దిగుతుంది, కొంచెము కూడ తగ్గదు. ఆ సరియైన దారి ఏది అన్నదే ఇక్కడి చిక్కు.

చాలమంది యు.ఎస్.బి. వైరు తగిలిస్తారు. కెమెరాకు ఆ సాకెట్టు ఉంటుంది గనుక అలాగు చేయడము సహజమే. అయితే మినీ డి.వి. కెమెరాలలో ఎక్కువవాటికి యు.ఎస్.బి. సాకెట్టు పెట్టినది చిన్న కార్డులోని ఫోటోలను తీసుకొనుటకే. టేపు మీది వీడియో ఆ దారిన రాదు, ఒకవేళ కొన్ని కెమెరాలలో వచ్చినా మసకగా, చిన్నదిగా వస్తుంది. సహోదరి కుమారునికి జరిగినది ఇదేనని నా నమ్మకము. వీడియో వచ్చే దారి మరొకటి. కెమెరా ప్రక్కన మూత తీసి చూస్తే 'డి.వి.' అని గాని, సోనీ కెమెరాలలో 'ఐ.లింక్' అని గాని వ్రాసియున్న చిన్న సాకెట్టు కనబడుతుంది. అందులో 4 పిన్నులుంటాయి. కంప్యూటరు వైపు దీనినే ఫైర్‌వైర్ అనియు, 1394 అనియు అంటారు. సాధారణముగా 6 పిన్నులు, కొన్ని ల్యాప్‌టాపులలో 4 పిన్నులు. పేర్లు వేరైనా దారి ఒక్కటే.

ఈ సాకెట్టు ఇప్పటి ల్యాప్‌టాపులకు లేదు. అందుకని బజారులో ఒక వైపు ఫైర్‌వైరు, మరియొక వైపు యు.ఎస్.బి. ఉన్న చిన్న మార్పిడి పిన్ను తక్కువ వెలకు అమ్ముచున్నారు. దానిని కొనవద్దని గట్టిగా చెప్పుచున్నాను. అది ఆకారమును మారుస్తుందే గాని, ఒకరి భాషను మరొకరికి తెలియజెప్పే పని చేయదు. దానితో వీడియో రాదు, పైగా సాకెట్టు కాలిపోయే ప్రమాదము కలదు. డెస్క్‌టాప్ కంప్యూటరుంటే లోపల ఫైర్‌వైర్ కార్డు ఒకటి బిగించుకోవచ్చును. ఇంతకంటె సులభమైన మార్గము, ఆ సాకెట్టు ఉన్న పాత కంప్యూటరును వెదకుట. ఎవరి అటక మీదనో విండోస్ ఎక్స్.పి. లేక విండోస్ 7 ఉన్న డబ్బా ఒకటి దుమ్ముపట్టి ఉంటుంది. ఈ పనికి క్రొత్త ల్యాప్‌టాపు కంటె అదే మేలు. ఇంటర్నెట్టు పెట్టనక్కర లేదు, పెట్టకుండుటయే మంచిది. ఆపిల్ మ్యాక్ ఉన్నవారు మరొక సంగతి గమనించాలి. 2025లో వచ్చిన మ్యాక్ ఓ.ఎస్. 26 టాహోలో ఫైర్‌వైర్ సదుపాయమును తీసివేశారు. పాత మ్యాక్‌లో పాత ఓ.ఎస్. ఉంటే దానిని అలాగే ఉంచుకొని ఈ పని చేయండి.

వైరు తగిలించేటప్పుడు కెమెరాను, కంప్యూటరును రెండింటిని ఆపివేసి తగిలించండి. 6 పిన్నుల వైపునుండి కరెంటు కూడ వస్తుంది. పిన్ను తలక్రిందులుగా బలవంతముగా గుచ్చితే కెమెరాలోని డి.వి. సాకెట్టు కాలిపోతుంది. అది కాలిన తరువాత కూడ కెమెరా మామూలుగానే ఆడుతుంది, ఆ డి.వి. దారిన మాత్రము వీడియో ఇక బయటికి రాదు. సందేహముంటే తీసి, త్రిప్పి, మెల్లగా పెట్టండి.

వైరు సరిగ్గా ఉండి కూడ కంప్యూటరు కెమెరాను గుర్తించలేదనుకోండి. మొదట కెమెరా మీది బటను చూడండి. అది 'కెమెరా' మీద ఉండకూడదు, 'ప్లే' లేక 'వి.సి.ఆర్.' మీద ఉండాలి. కంప్యూటరులో పెండ్లి బదులు మీ ఇంటి గోడయు, ఎదుట కూర్చున్న పిల్లవాని ముఖమును కనబడుచుంటే కారణము ఇదే. అది శుభవార్త కూడ. దారి అంతా బాగున్నదని దాని అర్థము. కెమెరాను బ్యాటరీ మీద కాక అడాప్టరు మీద నడపండి. పాత బ్యాటరీలు పది నిమిషములకే చేతులెత్తేస్తాయి.

అయినా గుర్తించకపోతే కంప్యూటరులో డివైస్ మేనేజర్ తెరచి 1394 అను వరుసను చూడండి. విండోస్ 7లో డ్రైవరును 'లెగసీ' అనుదానికి మార్చితే చాల కెమెరాలు వెంటనే పలుకుతాయి. విండోస్ 8 నుండి ఆ లెగసీ డ్రైవరును లోపలినుండి తీసివేశారు, దానిని మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చింది. అది తెచ్చి వేసుకోవాలి. ఇది పిల్లలకు చెప్పితే పావు గంటలో చేస్తారు.

వీడియోను దింపుకొనే ప్రోగ్రాము సంగతి. విండోస్ మూవీ మేకర్ అందరికి తెలిసినదే గాని 2017 జనవరితో దానిని ఇచ్చుట మానివేశారు. పాత కంప్యూటరులో అది ముందే ఉంటే వాడుకోండి. లేనియెడల విన్‌డివి అను చిన్న ఉచిత ప్రోగ్రాము ఈ పనికి చాలును. అందులో పువ్వులు, అక్షరములు వేయుట కుదరదు, టేపును దింపుట ఒక్కటే చేస్తుంది. మనకు కావలసినదియు అదే. మొదట ఉన్నదున్నట్టుగా దింపుకోండి. కత్తిరింపులు, అలంకారములు తరువాత ఎన్నాళ్లకైనా చేసుకోవచ్చును.

ఇక్కడ మరొక చిక్కు చాలమందిని బాధపెట్టుచున్నది. అంతా చక్కగా సాగుతూ, సరిగ్గా ఇరవై నిమిషములు కాగానే ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఇరవై నిమిషములకే. వెంటనే "టేపు అక్కడ చెడింది" అంటారు. టేపు చెడలేదు. డి.వి. వీడియో గంటకు సుమారు 13 జీబీ స్థలము తీసుకుంటుంది. మీరు దింపుకొనే హార్డ్ డిస్కు లేక పెన్ డ్రైవు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీకి మించి పెరగదు. 4 జీబీ అంటే రమారమి ఇరవై నిమిషములు. డిస్కును ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతికి మార్చుకుంటే ఈ బాధ పోతుంది. అయితే ఫార్మాట్ చేసినచో అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందుగా వేరేచోట భద్రము చేసుకోవాలి. అసలు పెన్ డ్రైవులోకి నేరుగా దింపవద్దు. అది అంత వేగముగా వ్రాయలేక మధ్య మధ్య బొమ్మలను వదలివేస్తుంది. అప్పుడు వీడియో ఎగిరెగిరి పడుతుంది, మాటలు సగములో తెగుతాయి. కంప్యూటరు లోపలి డిస్కులోకి దింపి తరువాత నకలు చేసుకోండి. దింపేటప్పుడు వైరస్ చూచే ప్రోగ్రామును, తనంతట తాను నిద్రపోయే ఏర్పాటును ఆపివేయండి. ఆ గంట సేపు పిల్లలను ఆ కంప్యూటరులో ఆటలు ఆడనివ్వవద్దు. గంట టేపు దిగుటకు గంట పడుతుంది, తొందరపెట్టే ఉపాయము లేదు.

మన ఊళ్లలో కరెంటు సంగతి మీకు తెలిసినదే. యు.పి.ఎస్. ఉంటే కెమెరాను, వి.సి.ఆర్.ను కూడ దానికే తగిలించండి. టేపు తిరుగుచుండగా కరెంటు పోతే కొన్ని యంత్రములలో టేపు హెడ్డుకు చుట్టుకొని ఉండిపోతుంది. అప్పుడు లాగవద్దు. కరెంటు వచ్చువరకు ఓపిక పట్టి, బటనుతోనే బయటికి తీయండి.

ఇక కెమెరా తెర మీదనే బొమ్మ బాగుండకపోతే ఏమి చేయాలి? బొమ్మలో చతురస్రపు గళ్లు, శబ్దములో టకటక ధ్వని వస్తుంటే చాలసార్లు హెడ్డు మురికిపట్టి యుంటుంది. హెడ్డు శుభ్రము చేసే క్యాసెట్టు ఒకటి దొరుకుతుంది. దాని మీద వ్రాసినంత సేపే, అనగా కొద్ది సెకండ్లు, ఆడించాలి. ఎక్కువ ఆడిస్తే హెడ్డు అరిగిపోతుంది. దూదితో, జేబురుమాలుతో లోపల తుడవవద్దు. ఒక్క దూది పోగు చిక్కుకున్నా అంతటితో సరి. కెమెరా 'డ్యూ' అని చూపి టేపును మ్రింగుటకు ఒప్పుకోకపోతే, లోపల చెమ్మ చేరినదని అర్థము. చల్లని గదిలోనుండి ఉక్కపోతలోనికి తెచ్చినప్పుడు ఇది జరుగుతుంది. క్యాసెట్టు మూత తెరచి గంటసేపు వదలివేయండి.

హెడ్డు శుభ్రముగా ఉండి కూడ బొమ్మ రాకపోతే, ఆ టేపును మరొక కెమెరాలో చూడకుండ తీర్పు చెప్పవద్దు. పెండ్లి వీడియోలు తీసేవారు కొందరు సోనీ పి.డి.-170 వంటి పెద్ద కెమెరాలు వాడేవారు. వాటిలో డి.వి.క్యామ్ అను పద్ధతి ఒకటి ఉన్నది. అందులో టేపు వేగముగా తిరుగుతుంది, 60 నిమిషముల క్యాసెట్టులో 40 నిమిషములే పడుతుంది. అటువంటి టేపును ఇంటి చిన్న కెమెరాలు కొన్ని చదవలేవు, నీలి తెర చూపి ఊరకుంటాయి. దానికి వ్యతిరేకమైన పద్ధతి ఎల్.పి. అందులో 60 నిమిషముల టేపులో 90 నిమిషములు పట్టిస్తారు. అలా తీసిన టేపు తీసిన కెమెరాలో తప్ప ఇతర కెమెరాలలో సరిగా ఆడకపోవచ్చును. షాపువారు "పోయింది" అన్న క్యాసెట్టులలో కొన్ని ఇటువంటివేనని నాకు అనిపిస్తుంది. వారి దగ్గర ఉన్న యంత్రములో రాలేదు గనుక లేదన్నారు. అందులో వారి దురుద్దేశమేమీ లేదు. కాని ఆ ఒక్క మాటకు ఒక కుటుంబము తండ్రి స్వరమును చెత్తకుప్పలో వేయకూడదు గదా!

వి.హెచ్.ఎస్. క్యాసెట్టుల పద్ధతి వేరు. అందులో బొమ్మ అంకెలుగా కాక అలలుగా ఉంటుంది, కనుక దానిని అంకెలుగా మార్చే చిన్న పరికరము ఒకటి కావాలి. దానిని వీడియో క్యాప్చర్ పరికరము అంటారు. ఒక వైపు పసుపు, తెలుపు, ఎరుపు రంగుల సాకెట్టులు, మరొక వైపు యు.ఎస్.బి. ఉంటాయి. పసుపు బొమ్మకు, మిగిలిన రెండు శబ్దమునకు. దీనిని ఓ.బి.ఎస్. స్టూడియో అను ఉచిత ప్రోగ్రాముతో వాడుకోవచ్చును.

దీనిలో వచ్చే చిక్కులు ఎక్కువగా అమరికలలోనివే. తెర నల్లగా ఉంటే ప్రోగ్రాములో 'కాంపోజిట్' బదులు 'ఎస్-వీడియో' ఎంచుకొని యుంటారు. బొమ్మ రంగులు లేకుండ వస్తున్నా, పైకి క్రిందికి దొర్లుచున్నా 'ఎన్.టి.ఎస్.సి.' అని ఉంటుంది. అది అమెరికా పద్ధతి. మన దేశములో తీసినవి 'పాల్' పద్ధతివి, సెకండుకు 25 బొమ్మలు. అమెరికాలోని బంధువులు పంపిన పాత క్యాసెట్టులకైతే ఎన్.టి.ఎస్.సి. యే పెట్టాలి, వి.సి.ఆర్. కూడ ఆ పద్ధతి ఆడించేదై యుండాలి. బొమ్మ వచ్చి శబ్దము రాకపోతే, విండోస్ 10, 11లలో ప్రైవసీ అమరికలలో మైక్రోఫోను అనుమతి చూడండి. కంప్యూటరు ఆ పరికరపు శబ్దమును మైకు అనుకొని అడ్డగిస్తుంది. ఈ ఒక్క కారణమున ఎందరో మూగ వీడియోలు తయారుచేసుకున్నారు. కదిలే చేతుల అంచున దువ్వెన పండ్ల వంటి గీతలు కనబడితే భయపడవద్దు, అది చెడు కాదు. పాత టీవీ బొమ్మ కట్టబడిన విధానము అది. దింపిన తరువాత సరిచేసుకోవచ్చును. ఓ.బి.ఎస్.లో ఫైలును ఎం.పి.4గా కాక ఎం.కె.వి.గా దింపండి. మధ్యలో కరెంటు పోతే ఎం.పి.4 ఫైలు మొత్తము తెరుచుకోకుండ పోవచ్చును, ఎం.కె.వి.లో అప్పటివరకు దిగినది మిగులుతుంది.

వీడియో 8, హై 8 టేపులున్నవారు డిజిటల్ 8 కెమెరా కొరకు విచారించండి. సోనీవారి డిజిటల్ 8 కెమెరాలలో కొన్ని ఈ పాత టేపులను ఆడించి, ఫైర్‌వైర్ దారినే పంపగలవు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. కోస్తా జిల్లాలలో వేసవి ఉక్కకు, వర్షాకాలపు చెమ్మకు టేపులకు బూజు పడుతుంది. క్యాసెట్టు కిటికీలోనుండి దీపపు వెలుగులో చూడండి. రీలు అంచున తెల్లని పొడి గాని, దారముల వంటిది గాని కనబడితే దానిని ఏ యంత్రములోను పెట్టవద్దు. టేపు చినిగిపోవచ్చును, ఆ బూజు హెడ్డుకు అంటుకొని తరువాత పెట్టిన మంచి క్యాసెట్టులకు కూడ పాకుతుంది. ఎండలో ఆరబెట్టవద్దు, వేడికి టేపు వంకర తిరుగుతుంది. అటువంటి వాటిని వేరుగా ఒక సంచిలో కట్టి, బూజు తీయుట తెలిసిన వానికే ఇవ్వండి. బాగున్న టేపునైతే దింపుటకు ముందు ఒకసారి చివరివరకు చుట్టి మళ్లీ మొదటికి చుట్టండి. ఏండ్ల తరబడి ఒకే తీరుగా బిగిసియున్న రీలు సర్దుకుంటుంది.

టేపు లేని కెమెరాల గురించి క్లుప్తముగా. చిన్న డి.వి.డి. పళ్లెము పెట్టే కెమెరాలు కొన్ని వచ్చాయి. ఆ పళ్లెము కంప్యూటరులో ఖాళీగా కనబడితే, తీసిన కెమెరాలో 'ఫైనలైజ్' చేయలేదన్నమాట. ఆ కెమెరాను వెదకి ఆ పని చేయించాలి. కార్డు మీద తీసే ఎ.వి.సి.హెచ్.డి. కెమెరాలలోనుండి ఒక్కొక్క వీడియో ఏరుకొనక కార్డులోని ఫోల్డరంతా ఉన్నదున్నట్టు నకలు చేయండి. పొడుగు వీడియోను అవి ముక్కలు ముక్కలుగా దాచుకుంటాయి.

పనిని షాపుకు ఇచ్చేవారికి ఒకటి రెండు మాటలు. "డి.వి.డి. చేసి ఇవ్వండి" అని అడుగవద్దు. డి.వి.డి.లో బొమ్మ కొంత కుదించబడుతుంది, ఆ పళ్లెమునకు కూడ ఆయుష్షు తక్కువే. మినీ డి.వి. అయితే "డి.వి. ఫైలుగానే కావాలి, ఏమీ కుదించవద్దు, ఏమీ కలపవద్దు" అని చెప్పండి, ఖాళీ హార్డ్ డిస్కు మీరే ఇవ్వండి. ఫైలును చివరివరకు చూచుకున్న తరువాతనే డబ్బు పూర్తిగా చెల్లించండి. క్యాసెట్టును తప్పక తిరిగి తెచ్చుకోండి.

మిక్సింగ్ గురించి కూడ చెప్పవలసియున్నది. ఆ దినములలో పెండ్లి క్యాసెట్టు అంటే హృదయాకారములు, ఎగిరే పావురములు, గిరగిర తిరిగే బొమ్మలు! వాటి మీద నాకు కోపము లేదు, ఆనాటి ముచ్చట అది. అయితే పెద్దలు మాట్లాడుచుండగా ఆ శబ్దము తీసివేసి పాటలు పెట్టేవారు. పెదవులు కదులుతాయి, మాట వినబడదు. మీ ఇంటి క్యాసెట్టు అలా ఉంటే, మిక్సింగ్‌కు ముందున్న అసలు టేపు ఉన్నదేమో ఆ వీడియో తీసిన వారిని అడగండి. చాలమంది వాటిని మళ్లీ మళ్లీ వాడేశారు. కాని కొందరి అటకల మీద పేర్లు వ్రాసిన పెట్టెలు ఇంకను ఉన్నవి. వారు కూడ ఇప్పుడు ముసలివారయ్యారు. ఈ సంవత్సరమే అడగండి.

దింపిన తరువాత ఒక్క నకలుతో తృప్తిపడవద్దు. కంప్యూటరులో ఒకటి, వేరే హార్డ్ డిస్కులో ఒకటి, మరొక ఊరిలో ఉన్న తోబుట్టువు ఇంటిలో ఒకటి ఉండాలి. వాట్సాప్‌లో పంపినది నకలు క్రింద లెక్కకు రాదు. అది బొమ్మను బాగా కుదించి పంపుతుంది, చూచి సంతోషించుటకే పనికివస్తుంది. ఏడాదికి ఒకసారి ఆ డిస్కులను తెరచి, వీడియో ఆడుతున్నదో లేదో చూడండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు 'పెండ్లి 1', 'పెండ్లి 2' అని కాక సంవత్సరము, ఊరు, ఎవరిదన్నది వ్రాయండి.

ఆ వీడియోను మొదటిసారి చూచేటప్పుడు ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకోండి. పందిట్లో తెల్ల పంచెతో నిలబడినది ఎవరు, పాట ఎత్తుకున్న ఆమె ఏ ఊరి ఆడపడుచు, భోజనముల దగ్గర వడ్డించుచున్న ఆ కుర్రవాడు ఎవరి కుమారుడు అన్నది వారు చెప్పగా ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. ఎన్నవ నిమిషములో ఎవరు కనబడుచున్నారో కూడ ప్రక్కన వేయండి. ఆ నోటుబుక్కును క్యాసెట్టుతో పాటు అదే బీరువాలో పెట్టండి.